బోనులో తండ్రి: బాలల జంతు కథలో గొరిల్లా పితృత్వం

విషయక్రమం
1. లక్ష్యాలు
2. పరిచయం
3. మన కథల్లో తల్లి, తండ్రి
4. అడవిలో గొరిల్లా తండ్రి
5. బోనులో గొరిల్లా తండ్రి
6. జీవితం నుంచి కథకు: ఐవన్
7. కథను అంచనా కట్టడం
8. సారాంశం
9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- తెలుగు సంప్రదాయ కథల్లో జంతువుల తల్లి పాత్రకూ తండ్రి పాత్రకూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
- గొరిల్లా తండ్రి అడవిలో, బోనులో ఎలా మెలగుతుందో వివరించగలుగుతారు.
- బంధనంలో ఉన్న జంతువు తండ్రి కావడం ఇతివృత్తంగా గల బాలల కథను మూడు ప్రశ్నలతో అంచనా కట్టగలుగుతారు.

2. పరిచయం

జగ్గయ్యపేట పేరులోనే ఒక తండ్రి ఉన్నాడు. బేతవోలు అనే పాత ఊరి చోట వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పేట కట్టించి, దానికి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. ఆ ఊరికే చెందిన మరో తండ్రి కథ రాతిలో ఉంది. అక్కడి బౌద్ధ స్తూపం దగ్గర దొరికి, ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఒక పలక మీద చక్రవర్తి బొమ్మ చెక్కి ఉంది. పండితులు అతనిని మాంధాతగా గుర్తించారు. మహాభారత కథ ప్రకారం మాంధాత తల్లి కడుపున పుట్టలేదు. యజ్ఞంలో మంత్రించిన నీటిని పొరపాటున తాగిన తండ్రి యువనాశ్వుని పక్కను చీల్చుకుని పుట్టాడు. బిడ్డకు పాలు ఎవరిస్తారన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇంద్రుడు ముందుకు వచ్చి తన వేలిని నోటికి అందించాడు.

ఈ కథలో ఒక విషయం గమనించండి. బిడ్డను కన్న తండ్రికి కూడా ఆ బిడ్డను సాకడం వెంటనే చేతకాలేదు. మరొకరి సాయం కావలసి వచ్చింది. ఈ భాగంలో మనం చర్చించబోయే విషయానికి ఇదే మూలం.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. మా పెద్దవాడు నందిగామలో మా అత్తగారింట్లో పుట్టాడు. పురుడు వెళ్లేదాకా నేను గుమ్మం ఇవతలే ఉన్నాను. లోపల ఏడుపు వినిపించేది, పసివాసన తెలిసేది, ముఖం మాత్రం సరిగా కనిపించేది కాదు. ఒకరోజు మా అత్తగారు వాణ్ణి తెచ్చి నా చేతుల్లో పెట్టారు. చెయ్యి ఎక్కడ పెట్టాలో నాకు తెలియక బిగుసుకుపోయాను. "మెడ కింద చెయ్యి పెట్టండి బాబూ, ఏం కాదు" అన్నారావిడ. అప్పటికి నాకు డాక్టరేటు వచ్చి రెండేళ్లయింది. ఆ రోజు నేర్చుకున్నది ఏ గ్రంథంలోనూ చదవలేదు.

ఈ పాఠం చదువుతున్న మీలో చాలామందికి ఇది పరిచితమైన విషయమే. సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి వచ్చేవారు, హైవే మీద లారీ నడిపేవారు, పిల్లలను నిద్రపుచ్చిన తరువాత పుస్తకం తెరిచేవారు మన విద్యార్థుల్లో ఉన్నారు. నాలుగు రోజుల తరువాత ఇంటికి వచ్చిన తండ్రిని చూసి పసిబిడ్డ తల్లి కొంగు చాటుకు వెళ్లడం మీలో కొందరు చూసే ఉంటారు. పుట్టుకతో తండ్రి అనే పేరు వస్తుంది. తండ్రితనం మాత్రం దగ్గర ఉండటం వల్ల, ఓపిక వల్ల, ఇతరులు చోటు ఇవ్వడం వల్ల క్రమంగా వస్తుంది. మంచి జంతు కథ ఈ సంగతిని పిల్లలకు ఉపదేశం లేకుండా చెప్పగలదు. అయితే ఆ జంతువు బోనులో ఉంటే కథకుడి బాధ్యత రెట్టింపవుతుంది. ఎందుకో ముందు ముందు తెలుసుకుందాం.

3. మన కథల్లో తల్లి, తండ్రి

తెలుగు జంతు కథల్లో తల్లులకు కొదవ లేదు. 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు రాసిన భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం అందరికీ తెలిసినదే. పులికి చిక్కిన ఆవు తన దూడకు కడుపునిండా పాలిచ్చి వస్తానని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకుంటుంది. ఆ దూడకు తండ్రి ఎవరన్న ప్రశ్న మనకు రాదు. కథకు అతనితో పనిలేదు.

జంతువుల్లో తండ్రి పాత్రను కేంద్రంగా తీసుకున్న అరుదైన కథ నన్నయ ఆదిపర్వంలో ఉంది. మందపాలుడనే ముని సంతానం లేని కారణంగా పుణ్యలోకాలు పొందలేక, శార్ఙ్గక పక్షిగా పుట్టి జరిత అనే ఆడపక్షి వల్ల నలుగురు కొడుకులను పొందుతాడు. ఆ తరువాత వారిని విడిచి లపిత అనే మరో పక్షితో వెళ్లిపోతాడు. ఖాండవవనం తగలబడుతున్నప్పుడు అతనికి పిల్లలు గుర్తుకు వస్తారు. వారిని కాపాడమని అగ్నిని ప్రార్థిస్తాడు. ఇటు గూటిలో తల్లి ఒంటరిగా పిల్లల ప్రాణాల కోసం తపిస్తుంది. మంటలు వారిని తాకకుండా వెళ్లిన తరువాత మందపాలుడు తిరిగి వస్తాడు. కొడుకులు పలకరించరు. జరిత నిష్ఠూరమాడుతుంది.

ఈ కథలో తండ్రి దుర్మార్గుడు కాడు. పిల్లలు బతకడానికి అతని ప్రార్థన కూడా ఒక కారణం. అయినా దూరం నుంచి చేసిన మేలు అతనిని పిల్లల దృష్టిలో తండ్రిని చేయలేదు. దగ్గర లేని తండ్రి తిరిగి వచ్చినప్పుడు ఎదురయ్యే మౌనాన్ని ఈ కథ దాచలేదు. బాలల కథ రాయదలచినవారు నేర్చుకోవలసిన నిజాయితీ ఇది.

అభ్యాసం 1: మందపాలుడు పిల్లల మేలు కోరినా వారు అతనిని ఎందుకు పలకరించలేదు? ఐదు వాక్యాల్లో రాయండి.

4. అడవిలో గొరిల్లా తండ్రి

గొరిల్లా మన దేశపు జంతువు కాదు. మధ్య ఆఫ్రికా అడవులు దాని నివాసం. కనుక మనకు తెలిసిన కొండముచ్చుతో మొదలుపెడదాం. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో మామిడితోటల మీదికి వచ్చే కోతులను తరమడానికి కొండముచ్చును తెచ్చి కట్టడం మీరు చూసి ఉంటారు. కొండముచ్చుల గుంపులో తరచుగా ఒకే పెద్ద మగది, పలు ఆడవి, వాటి పిల్లలు ఉంటాయి. పిల్లను ఆడవి ఒకదాని చేతి నుంచి మరొకటి అందుకుని ఆడిస్తాయి. మగది ఎత్తైన కొమ్మ మీద కూర్చుని కాపలా కాస్తుంది. బయటి నుంచి కొత్త మగది వచ్చి గుంపును ఆక్రమిస్తే పాత మగదాని పిల్లలను చంపే సందర్భాలు కూడా ఉన్నాయని శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

గొరిల్లాల గుంపు కూడా స్థూలంగా ఇలాంటిదే. నాయకత్వం వహించే మగ గొరిల్లా వీపు మీద వయసుతోపాటు వెండిరంగు వెంట్రుకలు వస్తాయి. అందుకే దానిని సిల్వర్‌బ్యాక్ అంటారు. దాని బరువు 150 కిలోలు దాటవచ్చు. అప్పుడే పుట్టిన పిల్ల సుమారు 2 కిలోలు ఉంటుంది. తల్లి గర్భం ఎనిమిదిన్నర నెలలు. పిల్ల మూడు నాలుగేళ్లు పాలు తాగుతుంది. మొదటి నెలల్లో అది తల్లి పొట్టను కరచుకునే ఉంటుంది. తండ్రి దానిని ఎత్తుకోడు, అన్నం పెట్టడు. మన కంటికి అతను పట్టించుకోనట్టే కనిపిస్తాడు.

నిజానికి అతని పని అప్పటికే మొదలై ఉంటుంది. బయటి మగ గొరిల్లాల నుంచి పిల్లకు రక్షణ అతనే. గుంపులో గొడవ వస్తే మధ్యలోకి వెళ్లి సర్దేది అతనే. పిల్ల నడక నేర్చిన తరువాత తల్లి మేతకు వెళ్తూ దానిని అతనికి దగ్గరలో వదలడం మొదలవుతుంది. పిల్లలు అతని వీపు మీదికి ఎక్కి జారుతాయి, వెంట్రుకలు పట్టి లాగుతాయి. అతను సహిస్తాడు.

రువాండాలోని పర్వత గొరిల్లాలపై 2018లో వెలువడిన ఒక అధ్యయనం ఆసక్తికరమైన సంగతి చెప్పింది. పిల్లల ఒళ్లు దువ్వుతూ, వాటి పక్కన విశ్రమిస్తూ ఎక్కువ కాలం గడిపే మగ గొరిల్లాలకు, అలా గడపనివాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సంతానం కలిగింది. పైగా అవి తమ పిల్లలు, పరాయి పిల్లలు అని తేడా చూపలేదు. అదే ప్రాంతంలో ఐదు దశాబ్దాలకు పైగా సేకరించిన వివరాల ఆధారంగా 2021లో మరో అధ్యయనం వచ్చింది. పాలు మానే వయసు దాటాక తల్లిని పోగొట్టుకున్న పిల్లలు గుంపులోని ఇతర సభ్యులకు, ముఖ్యంగా పెద్ద మగ గొరిల్లాకు, మరింత దగ్గరవుతాయని అది తెలిపింది. బలం చూపి గుండెలు బాదుకునే జంతువుగా సినిమాలు మనకు చూపించిన గొరిల్లా వెనుక ఇలాంటి తండ్రి ఉన్నాడు.

5. బోనులో గొరిల్లా తండ్రి

అడవిలో పిల్ల గొరిల్లా తల్లులనూ తండ్రులనూ చూస్తూ పెరుగుతుంది. పిల్లను ఎలా పట్టుకోవాలో చూసి నేర్చుకుంటుంది. పసితనంలోనే పట్టుబడి బోనులో ఒంటరిగా పెరిగిన గొరిల్లాకు ఆ బడి ఉండదు. జంతు ప్రదర్శనశాలల చరిత్ర ఈ విషయాన్ని బాధాకరంగా నిరూపించింది.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో 1959లో అకిల్లా అనే ఆడ గొరిల్లాకు గోమా పుట్టింది. పిల్లకు పాలు ఎలా ఇవ్వాలో అకిల్లాకు తెలియలేదు. జూ డైరెక్టర్ ఎర్నెస్ట్ లాంగ్ గోమాను తన ఇంటికి తీసుకువెళ్లి పెంచారు. 1961లో అదే అకిల్లాకు జాంబో పుట్టింది. ఈసారి తల్లే పెంచుకుంది. రెండేళ్ల తేడాలో తల్లితనం నేర్చుకోవడం సాధ్యమైంది.

జాంబో పెరిగి బ్రిటన్ దగ్గరి జెర్సీ ద్వీపంలోని జూలో పెద్ద మగ గొరిల్లాగా, అనేక పిల్లలకు తండ్రిగా జీవించింది. 1986లో ఐదేళ్ల బాలుడు గోడ మీద నుంచి దాని ఆవరణలో పడి స్పృహ తప్పాడు. జాంబో ఆ బాలుడికీ తక్కిన గొరిల్లాలకూ మధ్య నిలబడి, అతని వీపు మెల్లగా తాకింది. ఆ దృశ్యం గొరిల్లాల గురించి ప్రపంచం అనుకునేదాన్ని మార్చింది. తల్లి చేతుల్లో పెరిగిన గొరిల్లా అది అన్న సంగతి మనం మరవకూడదు.

తండ్రితనానికి సంబంధించి మరింత స్పష్టమైన ఉదాహరణ అమెరికాలోని అట్లాంటా జూలో నివసించిన విల్లీ బి. ఆ నగర మేయరు పేరు మీద ఆ గొరిల్లాకు ఆ పేరు వచ్చింది. 1961లో పసిదిగా అక్కడికి చేరిన విల్లీ బి. ఇరవై ఏడేళ్లు గోడల మధ్య ఒంటరిగా బతికింది. తోడుగా ఊగడానికి ఒక టైరు, చూడటానికి ఒక టీవీ ఉండేవి. 1988లో చెట్లు, గడ్డి ఉన్న ఆరుబయటి ఆవరణ సిద్ధమైంది. ఆ తరువాతే దానికి సాటి గొరిల్లాలతో సహవాసం దొరికింది. 1994లో మొదటి బిడ్డ కుడ్జూ పుట్టింది. మొత్తం ఐదుగురు బిడ్డలు కలిగారు. 2000 సంవత్సరంలో చనిపోయేనాటికి విల్లీ బి.కి మృదు స్వభావం గల తండ్రి అని పేరు వచ్చింది.

ఇలాంటి మార్పు ఒక్కరోజులో జరగదు. అపరిచితులైన గొరిల్లాలను కలిపేటప్పుడు సంరక్షకులు పాటించే పద్ధతి ఇది: ముందు జాలీకి అటూ ఇటూ ఉంచి ఒకదానికొకటి కనబడేలా, వాసన తెలిసేలా చేస్తారు. తరువాత జాలీలోంచి వేళ్లతో తాకనిస్తారు. కోపం, భయం తగ్గాయని నమ్మకం కలిగిన తరువాతే తలుపు తీస్తారు. నందిగామలో గుమ్మం ఇవతల నిలబడిన నా రోజులు ఈ పద్ధతి గురించి చదివినప్పుడు గుర్తుకు వచ్చాయి.

అన్ని మగ గొరిల్లాలకూ ఈ అవకాశం రాదు. ఒక మగదానితో పలు ఆడవి ఉండటం గొరిల్లాల పద్ధతి కనుక, జూలలో చాలా మగవి జత లేకుండా మిగులుతాయి. మనకు దగ్గరలో గొరిల్లాను చూడాలంటే మైసూరు జూకు వెళ్లాలి. అక్కడ పోలో అనే మగ గొరిల్లా 2014లో చనిపోయేదాకా తన జాతి తోడు లేకుండా గడిపింది. 2021లో జర్మనీ నుంచి థాబో, డెంబా అనే ఇద్దరు అన్నదమ్ములు వచ్చాయి. కనీసం ఒకదానికొకటి తోడు ఉన్నాయి.

అభ్యాసం 2: అకిల్లా, విల్లీ బి. ఉదాహరణల ఆధారంగా "పెంపకం నేర్చుకోవలసిన విద్య" అన్న మాటను సమర్థించండి.

6. జీవితం నుంచి కథకు: ఐవన్

కుడ్జూ పుట్టిన 1994లోనే అట్లాంటా జూకు మరో మగ గొరిల్లా వచ్చింది. దాని పేరు ఐవన్. ఆఫ్రికాలో పసితనంలో పట్టుబడి, అమెరికాలోని టకోమా నగరంలో ఒక షాపింగ్ సెంటర్‌లోని సిమెంటు గదిలో ఇరవై ఏడేళ్లు ప్రదర్శన వస్తువుగా బతికింది. ప్రజల ఒత్తిడి వల్ల చివరికి బయటపడింది. 2012లో చనిపోయింది. దానికి సంతానం కలగలేదు.

ఐవన్ జీవితం ఆధారంగా కేథరిన్ ఆపిల్‌గేట్ బాలల నవల రాశారు. 2012లో వచ్చిన ఆ నవలకు 2013లో న్యూబెరీ పతకం లభించింది. కథ చెప్పేది గొరిల్లాయే. పక్కనున్న ముసలి ఏనుగు స్టెల్లా చనిపోతూ, కొత్తగా వచ్చిన ఏనుగు గున్న రూబీని కాపాడమని ఐవన్ నుంచి మాట తీసుకుంటుంది. గుంపు లేని సిల్వర్‌బ్యాక్‌కు అప్పుడు కాపాడవలసిన ఒక ప్రాణి దొరుకుతుంది. నిజ జీవితంలో తండ్రి కాలేని గొరిల్లాను కథ ఒక ఏనుగు గున్నకు తండ్రిలాంటివాణ్ణి చేసింది.

ఇక్కడ రచయిత్రి కల్పన చేశారు, అబద్ధం చెప్పలేదు. రెండింటికీ తేడా ఉంది. గొరిల్లా మాట్లాడటం, బొమ్మలు గీసి సందేశం పంపడం కల్పన. అయితే బోను సుఖమైన ఇల్లు అని కథ ఎక్కడా అనదు. రూబీ మీద ప్రేమ కలిగిన తరువాతే ఆ గది బతకదగిన చోటు కాదని ఐవన్‌కు పూర్తిగా అర్థమవుతుంది. తాను భరించినదాన్ని బిడ్డ భరించకూడదని అనుకోవడమే తండ్రితనానికి మొదటి గుర్తు.

7. కథను అంచనా కట్టడం

ఒకే సన్నివేశాన్ని రెండు విధాలుగా రాసి చూద్దాం. ఈ రెండూ పాఠం కోసం నేను రాసినవి.

మొదటిది: "పెద్ద గొరిల్లా కన్నీళ్లు తుడుచుకున్నాడు. 'నా బంగారు తండ్రీ! ఇక నీకోసమే బతుకుతాను' అంటూ బిడ్డను గుండెలకు హత్తుకున్నాడు. బోనులో పండగ వచ్చింది."

రెండవది: "పెద్ద గొరిల్లా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వెనుక గడ్డిలో ఏదో కదిలింది. తిరిగి చూడలేదు. మూడో రోజు చిన్నది అతని కాలి దగ్గరికి వచ్చి గడ్డిపరక లాగింది. తల్లి లేచి నిలబడింది. అతను కాలు కదపలేదు. చిన్నది బొటనవేలు పట్టుకుంది. అతను ఊపిరి బిగబట్టాడు. అటువైపు జాలీ బయట జనం చప్పట్లు కొట్టారు. చిన్నది భయపడి తల్లి దగ్గరికి పరుగెత్తింది."

మొదటి దానిలో గొరిల్లా లేదు, గొరిల్లా తొడుగు వేసుకున్న మనిషి ఉన్నాడు. రెండవ దానిలో జంతువు జంతువుగానే ఉంది. తల్లి అనుమానం, తండ్రి నిగ్రహం, చూడవచ్చిన మనుషుల తెలియనితనం అన్నీ పిల్లలకు అర్థమవుతాయి.

భాష గురించి కూడా ఒక మాట. తెలుగులో జంతువును "అది" అంటాం. పేరు పెట్టగానే "అతడు", "వాడు" అంటాం. చిన్నయసూరి నీతిచంద్రికలో పావురాల రాజు చిత్రగ్రీవుడు కావడం ఇలాంటిదే. ఈ పాఠంలో నేనూ గుంపులోని తండ్రిని వర్ణిస్తూ "అది" నుంచి "అతను"కు మారాను, మీరు గమనించారా? కథలో ఆ మార్పు ఎప్పుడు చేయాలో ఆలోచించి నిర్ణయించాలి. అలాగే మనం పసిబిడ్డనే "నాయనా", "నా తండ్రీ" అని పిలుస్తాం. ఆ పిలుపు మన ఇళ్లలో ఎంతో అందమైనది. గొరిల్లా నోట పెడితే మాత్రం మొదటి ఉదాహరణలాగా తేలిపోతుంది.

ఇప్పుడు మూడు ప్రశ్నలు:

మొదటి ప్రశ్న దూరం గురించి. తండ్రికీ బిడ్డకూ మధ్య దూరం ఎలా తగ్గింది? ఎవరు తగ్గించారు? తల్లి అనుమతి లేకుండా, బిడ్డ చొరవ లేకుండా తండ్రి ఒక్కడే దగ్గర కాలేడు.

రెండవ ప్రశ్న కాలం గురించి. కథలో ఎన్ని రోజులు గడిచాయి? ఒక్క పేజీలో తండ్రి మారిపోతే ఆ మార్పును పిల్లలు నమ్మరు.

మూడవ ప్రశ్న బోను గురించి. కథ ముగిసేసరికి పిల్లలు బోనును మరచిపోయారా, గుర్తుంచుకున్నారా? మరచిపోయేలా చేసిన కథ ఎంత తీయగా ఉన్నా లోపం ఉన్నదే. విల్లీ బి. మంచి తండ్రి అయినందుకు సంతోషిస్తాం. ఇరవై ఏడేళ్ల ఒంటరితనాన్ని ఆ సంతోషం చెరిపివేయదు. తలుపు తెరవకపోతే ఆ గొరిల్లాలో అలాంటి తండ్రి ఉన్నాడని ఎవరికీ తెలిసేదే కాదు.

ఈ మూడవ ప్రశ్న జూకే పరిమితం కాదు. ఇంటికి ఆలస్యంగా వచ్చే తండ్రికి ప్రేమ లేదని ఒక బిడ్డ అనుకోవచ్చు. ప్రేమ ఉన్నా దగ్గర కానివ్వని గోడలు కొన్ని ఉంటాయని కథ ఆ బిడ్డకు చెప్పగలదు. ఆ గోడలను కట్టింది ఎవరో అడిగే ధైర్యాన్ని కూడా ఇవ్వగలదు.

8. సారాంశం

మన సంప్రదాయ జంతు కథల్లో తల్లి పాత్ర ప్రధానం. మందపాలుని కథ దగ్గర లేని తండ్రి స్థితిని నిజాయితీగా చూపింది. అడవిలో గొరిల్లా తండ్రి రక్షణ, ఓర్పు, సాన్నిధ్యం ద్వారా తండ్రి అవుతాడు. బోనులో పెరిగిన గొరిల్లాకు పెంపకం చూసి నేర్చుకునే అవకాశం పోతుంది. తోడు, చోటు, సమయం దొరికితే ఆ నేర్పు తిరిగి రావచ్చునని విల్లీ బి. జీవితం తెలిపింది. బాలల కథ దూరాన్ని, కాలాన్ని, బోనును దాచకుండా చెప్పినప్పుడు జంతువుకూ పిల్లలకూ న్యాయం చేస్తుంది.

9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. గొరిల్లా తండ్రి పాత్రను అడవిలోనూ బంధనంలోనూ పోల్చి వివరించండి.
2. బాలల జంతు కథను అంచనా కట్టడానికి ఉపకరించే మూడు ప్రశ్నలను మీకు తెలిసిన ఒక కథకు అన్వయించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. కల్పనకూ అబద్ధానికీ గల తేడాను ఐవన్ నవల ఆధారంగా తెలపండి.
2. జంతు కథలో "అది", "అతడు" అనే సర్వనామాల ఎంపిక ప్రాధాన్యాన్ని వివరించండి.

III. చేసి చూడండి.
మీ ఊరిలో కొండముచ్చుల గుంపునో, గూడు కట్టిన పక్షుల జంటనో వారం రోజులు గమనించండి. మగది ఏం చేస్తున్నదో రోజూ నాలుగు వాక్యాలు రాయండి. ఏడవ రోజు వాటి ఆధారంగా ఒక పేజీ కథ రాసి, దగ్గరలో ఉన్న ఒక బిడ్డకు చదివి వినిపించండి. ఆ బిడ్డ అడిగిన మొదటి ప్రశ్నను కథ కింద రాసుకోండి.